కంగారుపడని వరి కథ

వరికి నీళ్ళంటే ఇష్టమే గానీ, నిండా మునిగితే అదీ చస్తుంది. ఎందుకో తెలుసుకున్నాక నాకు భలే ఆశ్చర్యమేసింది. మునగ్గానే మొక్కలో తయారయ్యే ఇథిలీన్ వాయువు బయటికి పోలేక లోపలే పోగవుతుంది. దాంతో ఎలాగైనా నీటిపైకి తల ఎత్తాలని మొక్క గబగబా సాగుతుంది. దాచుకున్న పిండిపదార్థమంతా ఆ సాగడానికే ఖర్చైపోతుంది. వరద తీసేసరికి మళ్ళీ చిగురెయ్యడానికి సత్తువుండదు. వరదతో పాటు మొక్క కంగారు కూడా దాని ప్రాణం తీస్తుందన్నమాట!

ఒడిశా రైతుల నాటు వరుల్లో ఒకదానికి ఈ కంగారు లేదు. దాన్నుంచి ఎంపిక చేసిన రకమే ఎఫ్ఆర్13ఎ. రెండు వారాలు మునిగున్నా బతికేస్తుంది. 1970ల్లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వాళ్ళు ఈ గుణాన్ని గుర్తించి, వేరే రకాలతో సంకరం చేశారు. మునకని తట్టుకునే గుణం వచ్చింది, దాని వెనకే తక్కువ దిగుబడీ, బాగాలేని గింజా కూడా వచ్చాయి. రైతులు వద్దన్నారు. మన భాషలో చెప్పాలంటే ఒక్క ఫంక్షన్ కోసం కోడ్ మొత్తం మెర్జ్ చేసినట్టు :)

ఆ ఫంక్షన్ ఏదో తేలటానికి పాతికేళ్ళ పైనే పట్టింది. 1996లో కెనాంగ్ షు, డేవిడ్ మాకిల్ అది తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఉందన్నారు. 2006లో వాళ్ళిద్దరూ, పమేలా రోనాల్డ్, జూలియా బెయిలీ-సెర్రెస్ తదితరులూ కలిసి సబ్1ఎ అనే జన్యువుని పట్టుకున్నారు. తమాషా ఏంటంటే, మునిగితే చచ్చే రకాలు కొన్నిట్లో కూడా ఈ జన్యువు కొద్ది తేడాతో ఉంది. కానీ నీళ్ళొచ్చినప్పుడు ఎఫ్ఆర్13ఎలో పలికినంత గట్టిగా వాటిలో పలకదు. గట్టిగా పలికితే అది మొక్క సాగటాన్నీ, పిండి కరిగించే జన్యువుల్నీ అదుపులో పెడుతుంది. "ఆగు, కదలకు, నీళ్ళు తీసేదాకా ఓపిక పట్టు" అన్నట్టు.

ఇక్కడే మనవాళ్ళ స్వర్ణ రంగంలోకొచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో పుట్టిన ఈ ఎంటీయూ 7029 రకం తూర్పు భారతంలో కూడా రైతులకి ప్రాణం. డీఎన్ఏ గుర్తుల సాయంతో తరం తరం వడపోసి, సబ్1 ముక్కని మాత్రం స్వర్ణలోకి తెచ్చారు. మామూలు సంకరమే, జన్యుమార్పిడి పంట కాదు. 2009లో మన దేశంలో స్వర్ణ-సబ్1 విడుదలైంది. వరద రాని ఏడాది స్వర్ణ లాగే పండుతుంది. అలాగని సర్వరోగనివారిణి కాదు. రెండు వారాలు దాటి మునిగితే దాని వల్లా కాదు.

నాకనిపించేది ఒక్కటే. శాస్త్రవేత్తల పేర్లు చరిత్రకెక్కాయి, ఎక్కాల్సిందే. కానీ ఏ జన్యువో తెలియకుండానే ఆ విత్తనాన్ని ఏటేటా దాచుకున్న రైతుల పేర్లు మనకి తెలియవు. దిగుబడి లేదని వాళ్ళు దాన్ని వదిలేసుంటే 2006లో వెతకటానికి ఏముండేది? పాత కోడ్‌కి బ్యాకప్ ఉందో లేదో పదిసార్లు చూసుకుంటాం గదా. నాటు విత్తనాల విషయంలోనూ ఆ మాత్రం జాగ్రత్త ఉండొద్దూ?