నేల తాగని నీళ్లు

ఇంటి వెనక గుంట నిండి ఉంది. మరుగుదొడ్డి నుంచి వచ్చిందంతా అందులోనే నిలిచిపోయింది. దాని మీద దోమలు ముసురుతున్నాయి. ఇంట్లో ఉన్నది ఓ గర్భిణి. ఆమె గోడు వినడానికి వెళ్లిన క్యాథరిన్ కోల్‌మన్ ఫ్లవర్స్ ఆ రోజు గౌను వేసుకున్నారు. బయటికొచ్చేసరికి కాళ్ల నిండా దోమకాట్లే. తర్వాత ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. రక్తపరీక్షల్లో ఏమీ తేలలేదు. ఆమెకు అనుమానం వచ్చింది: ఈ దేశంలో లేదనుకుని వైద్యులు వెతకడమే మానేసిన జబ్బు ఏదైనా ఇక్కడ మిగిలి ఉందా?

ఇది జరిగింది అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని లౌండెస్ కౌంటీలో. 1965లో సెల్మా నుంచి మాంట్‌గోమరీకి మార్టిన్ లూథర్ కింగ్ నడిపిన ఓటుహక్కు పాదయాత్ర ఈ పల్లెల మీదుగానే సాగింది. జనంలో అత్యధికులు నల్లజాతివారే అయినా ఆ ఏడాది మొదట్లో వాళ్లలో ఒక్కరి పేరూ ఓటర్ల జాబితాలో లేదు. ఆ పోరాటంలో ఉన్న కుటుంబంలోనే ఫ్లవర్స్ పెరిగారు. 2000ల తొలినాళ్లలో పల్లెల అభివృద్ధి కోసం తిరిగొచ్చిన ఆమెకు పెరళ్లలో మురుగు, ఇళ్లలో కేసుల భయం ఎదురయ్యాయి.

కారణం కాళ్ల కిందే ఉంది. ఒకప్పుడు బానిసల చేత పత్తి పండించిన ఈ నేల మన నల్లరేగడి లాంటిది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. సెప్టిక్ ట్యాంకులో మడ్డి అడుగుకు చేరాక, పైన తేరిన నీరు చిల్లుల గొట్టాల గుండా మట్టిలోకి ఇంకాలి. ఆ నీటిని వడగట్టేది మట్టి, మలినాన్ని తినేసేవి అందులోని సూక్ష్మజీవులు. నేల నీళ్లు తాగకపోతే ఈ పద్ధతి మొత్తం నిలిచిపోతుంది. పెద్ద వాన పడితే చాలు, మురుగు ఇంట్లోకే ఎగదన్నుతుంది.

ఎత్తుగా మట్టిదిబ్బ పోసి, నీటిని అందులో ఇంకించే ఏర్పాటు ఉంది. దాని ఖర్చు 15 వేల డాలర్లు దాటుతుంది. అంత స్తోమత లేనివాళ్లు మరుగుదొడ్డికి ఓ ప్లాస్టిక్ గొట్టం తగిలించి పెరటి చివరకో, పక్క కాలువకో వదిలేశారు. చట్టం ప్రకారం అది నేరం. నోటీసులు వచ్చాయి, అరెస్టులూ జరిగాయి.

అలాంటి సమయంలో, సంపన్న దేశాల పేదల్లో దాగిన జబ్బుల గురించి డాక్టర్ పీటర్ హోటెజ్ రాసిన వ్యాసం ఫ్లవర్స్ కంటపడింది. ఆయన్ని సంప్రదించారు. హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల పరిశోధకులు లౌండెస్‌కు వచ్చారు. 2017లో ఫలితం వెలువడింది. పరీక్షించిన 55 మందిలో 19 మందికి కొంకిపురుగు ఆనవాళ్లు! వట్టికాళ్ల చర్మం గుండా ఒంట్లోకి చొరబడి, పేగుల్లో నెత్తురు పీల్చే పురుగు అది. దాన్ని తరిమేయడానికి 1909లోనే రాక్‌ఫెల్లర్ నిధులతో దక్షిణాది రాష్ట్రాల్లో పెద్ద ఉద్యమం మొదలైంది. తర్వాత ఆ ప్రాంతపు పిల్లల మీద జరిగిన మరో పరిశీలనలో పురుగు కనబడలేదు. పురుగు మాట ఎలా ఉన్నా, పెరట్లో మురుగు ఉన్న మాట ఎవరూ కాదనలేకపోయారు.

2017 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి ఫిలిప్ ఆల్స్టన్ ఆ పెరళ్లను స్వయంగా చూశారు. 2021లో అమెరికా న్యాయశాఖ విచారణ ప్రారంభించింది. 2023 మే నెలలో ఒప్పందం కుదిరింది: మురుగు పేరుతో ఇళ్లవాళ్లను శిక్షించడం ఆపాలి, ఏ ఇంటికి ఏం కావాలో లెక్క తేల్చాలి. రెండేళ్లు తిరక్కుండానే, 2025 ఏప్రిల్‌లో, ప్రభుత్వం మారాక ఆ ఒప్పందాన్నే రద్దు చేశారు. పెరట్లో మురుగుకు మాత్రం ఆ రద్దు వర్తించలేదు.

లౌండెస్ అనుభవం మన రేగడి నేలల ఊళ్లకూ పనికొస్తుంది. ప్రతి ఇంటికీ ఒకే కొలత గుంత అని పథకం రాసేయడం తేలిక. గుంత తవ్వేముందు నీళ్లు పోసి, నేల ఎంతసేపట్లో తాగుతుందో చూడాల్సింది ఇంజినీరు. తాగకపోతే మరో దారికి డబ్బు పెట్టాల్సింది ప్రభుత్వం. ఈ రెండూ జరగని చోట ఇంటివాళ్లను దోషులుగా నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు.