ఎఫెసస్ దర్శనం – చరిత్ర

ఎఫెసస్ దర్శనం: నేటి తుర్కియే పశ్చిమ తీరంలో, సెల్చుక్ పట్టణాన్ని ఆనుకుని ఉన్న ప్రాచీన గ్రీకు నగర శిథిలాలను గైడు వెంట నడిచి చూడడం. సాధారణంగా ఒక్క పగటిలో తెమిలే పని. కుషాదాసి రేవులో ఓడ దిగినవారూ, ఇజ్మీర్ నుంచి బస్సుల్లో వచ్చినవారూ కొండవైపు ఎగువ ద్వారం దగ్గర నడక మొదలుపెట్టి, పాలరాతి బాటల మీదుగా కిందికి దిగి, రంగశాల దాటాక దిగువ ద్వారం దగ్గర బయటపడతారు. తెలుగు క్రైస్తవులకు ఈ ఊరు బైబిల్లోని ఎఫెసుగా చిరపరిచితం.

ఏథెన్స్ రాజు కోడ్రస్ కొడుకు ఆండ్రోక్లస్ ఈ నగరాన్ని స్థాపించాడని ఐతిహ్యం. జనాన్ని ఇక్కడికి రప్పించినది మాత్రం ఊరి వెలుపల ఉన్న ఆర్టెమిస్ దేవత ఆలయం. క్రీ.పూ. 6వ శతాబ్దంలో లిడియా రాజు క్రీసస్ దాని స్తంభాలకు ధనమిచ్చాడు. క్రీ.పూ. 356లో హెరోస్ట్రాటస్ అనేవాడు తన పేరు లోకంలో నిలవాలని దానికి నిప్పు పెట్టాడు. పేరు నిలిచింది కూడా. అంతకన్నా ఘనంగా కట్టిన కొత్త ఆలయం ఏడు వింతల జాబితాకెక్కింది. క్రీ.పూ. 3వ శతాబ్దం తొలినాళ్లలో రాజు లైసిమాకస్ నగరాన్ని ఇప్పుడు శిథిలాలున్న చోటికి మార్చాడు. పాత ఊరు వదలడానికి జనం ఒప్పుకోకపోతే, జడివాన పడే అదను చూసి మురుగుకాల్వలు పూడ్పించి, ఊరిని నీట ముంచి మరీ కదిలించాడని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు.

ఈ చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ సమాచారం మిగిల్చినది రోమన్ల కాలం. ఆలయం పొడవు 425 అడుగులనీ, 60 అడుగుల స్తంభాలు 127 ఉన్నాయనీ క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ లెక్క చెప్పాడు. పైకప్పుకు ఎక్కే మెట్లు సైప్రస్ నుంచి తెచ్చిన ఒకే ఒక్క ద్రాక్షతీగ మానుతో చేసినవని కూడా ఆయన రాశాడు. ఆలయం వెనుక ఉన్న హెకటే విగ్రహం దగ్గర, పాలరాయి మిరుమిట్లు గొలుపుతుంది, కళ్లు జాగ్రత్త అని ఆలయ సంరక్షకులు వచ్చినవాళ్లను హెచ్చరించేవారట. ఎఫెసస్‌లో గైడు చెప్పిన మాట పుస్తకానికెక్కడానికి ఇది చక్కని ఉదాహరణ. చూడవచ్చిన వాణ్ణి కాసేపు నిలబెట్టే విద్య అప్పటికే వారికి పట్టుబడింది.

యాత్రికుల మీద బతికే వ్యాపారమూ అంతే పాతది. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలోని కంసాలి దేమేత్రియ అర్తెమిదేవి (ఆర్టెమిస్) వెండి గుళ్లు చేయించి అమ్మేవాడు. పౌలు బోధ వల్ల బేరాలు పడిపోతాయని తోటి పనివారిని రెచ్చగొట్టాడు. జనం రంగశాలలోకి తోసుకుపోయి దాదాపు రెండు గంటలు దేవి పేరు అరిచారు. దాదాపు 25,000 మంది పట్టే ఆ రంగశాల మెట్ల మీదే నేటి గైడ్లు గుంపును కూర్చోబెట్టి ఈ కథ చెబుతారు.

క్రీ.శ. 104లో గయస్ విబియస్ సాల్యుటారిస్ అనే శ్రీమంతుడు బంగారు, వెండి విగ్రహాలు చేయించి, వాటిని ఊరేగించడానికి నగరానికి నిధి ఇచ్చాడు. ఆ ఉత్సవ విగ్రహాలు ఆలయం నుంచి బయలుదేరేవి. మగ్నీసియా ద్వారం దగ్గర నగర యువకులు వాటిని ఎదుర్కొని రంగశాల దాకా తెచ్చేవారు. అక్కడి నుంచి కొరెసస్ ద్వారం గుండా అవి తిరిగి ఆలయానికి చేరేవి. మగ్నీసియా ద్వారం నేటి ఎగువ ద్వారం పక్కనే ఉంది. టూరు బస్సులు దించిన జనం ఇవాళ రంగశాల దాకా నడిచేది ఇంచుమించు ఆ ఊరేగింపు దారే. కొద్ది ఏళ్లకే టైబీరియస్ జూలియస్ అక్విలా తన తండ్రి సెల్సస్ సమాధి మీద గ్రంథాలయం కట్టించి, దాని పోషణకు 25,000 దీనారాలు కేటాయించాడు.

3వ శతాబ్దపు గోత్‌ల దాడి, 431లో మరియమ్మ చర్చిలో జరిగిన క్రైస్తవ మహాసభ, నది మేటతో రేవు పూడిపోవడం, 14వ శతాబ్దంలో యాత్రికుడు ఇబ్న్ బతూతా రాక – ఇలా వెయ్యేళ్లకు పైగా గడిచాయి.

1862లో ఇజ్మీర్ నుంచి రైలు ఇక్కడికి చేరింది. ఆ రైలుమార్గానికి స్టేషన్లు రూపొందించిన ఇంగ్లిష్ వాస్తుశిల్పి జాన్ టర్టిల్ వుడ్ 1863లో బ్రిటిష్ మ్యూజియం తరఫున ఆర్టెమిస్ ఆలయం కోసం వెతకడం మొదలుపెట్టాడు. నేల మీద దాని ఆనవాలే లేదు. రంగశాలలో అతనికి సాల్యుటారిస్ శాసనం దొరికింది. ఊరేగింపు మగ్నీసియా ద్వారం గుండా వచ్చేదని అందులో ఉంది కాబట్టి, ముందు ఆ ద్వారాన్ని వెలికితీసి, అక్కడి నుంచి బయటికి పోయే పాత బాటను తవ్వుకుంటూ వెళ్లాడు. 1869 డిసెంబరు 31న దాదాపు 20 అడుగుల ఒండ్రు కింద ఆలయపు నేల పలకలు బయటపడ్డాయి. పురావస్తు చరిత్రలో ఇంత ఓపికైన వేట అరుదు.

ఆ తవ్వకాలు సాగుతుండగానే, 1867లో, మార్క్ ట్వైన్ తోటి అమెరికన్ యాత్రికులతో రైల్లో వచ్చి, గాడిదలెక్కి శిథిలాలు చూశాడు. బృందంలో కొందరు చెక్కడపు రాళ్లు ఏరుకుని, గోడల నుంచి ఊడబెరుక్కుని, నానా తంటాలు పడి స్టేషన్ దాకా మోసుకొచ్చారు. అక్కడ ప్రభుత్వాధికారి ఆపి అన్నీ కక్కించాడు. అనుమతిపత్రం ఉన్న వుడ్ రాళ్లు మాత్రం నిరాటంకంగా లండన్ చేరాయి.

1895 నుంచి ఆస్ట్రియన్ల తవ్వకాలు నడిచాయి. ఒట్టో బెన్‌డార్ఫ్ మొదలుపెట్టిన ఈ పనిలో సెల్సస్ గ్రంథాలయం 1903–04లో వెలుగు చూసింది. పడిపోయిన రాళ్లను కూర్చి దాని ముఖభాగాన్ని తిరిగి నిలిపినది మాత్రం 1970–78 మధ్య. అంటే నేడు ప్రతి పోస్టుకార్డు మీదా కనిపించే ఆ రెండంతస్తుల కట్టడాన్ని ట్వైన్ గానీ, వుడ్ గానీ చూడలేదు. 2015లో ఎఫెసస్ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఇప్పటి నడక వరుస దాదాపు స్థిరపడింది: సభాభవనం, హెరాకిల్స్ ద్వారం, క్యూరెటీస్ వీధి, హేడ్రియన్ ఆలయం, బారుగా పాలరాతి పీఠాలున్న సామూహిక మరుగుదొడ్డి, ఆ తరువాత గ్రంథాలయం. కుడ్యచిత్రాలతో, మొజాయిక్ నేలలతో ఉన్న సంపన్నుల మెట్టవాలు ఇళ్లకు టికెట్ వేరే తీసుకోవాలి. డబ్బు మిగుల్చుకుందామని చాలామంది వదిలేస్తారు గానీ, ఆనాటి కాపురాలు ఎలా సాగాయో తెలిసేది అక్కడే. అరిగి నునుపెక్కిన రాళ్ల మీద చెప్పులు జారతాయి, వేసవి మధ్యాహ్నం నీడ దొరకదు.

రంగశాలకు పోయే పాలరాతి వీధిలో ఒక పలక మీద పాదం, దాని పక్కన స్త్రీ తల గీసి ఉన్నాయి. అది వేశ్యాగృహానికి దారి చూపే ప్రకటన అని గైడ్లు నవ్విస్తూ చెబుతారు. పురావస్తు శాస్త్రజ్ఞులు దీన్ని ఒప్పుకోరు, అయినా ఆ పలక దగ్గర ఆగని గుంపు ఉండదు.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఆలయ స్థలానికి తీసుకెళ్తారు. చిత్తడి నేలలో ముక్కలు పేర్చి నిలిపిన ఒకే స్తంభం, దాని మీద కొంగల గూడు తప్ప అక్కడ చూడదగ్గది పెద్దగా లేదు. సెల్చుక్ మ్యూజియంలో 1956లో దొరికిన ఆర్టెమిస్ పాలరాతి విగ్రహాలున్నాయి. వాటి రొమ్ము భాగాన వరుసలుగా వేలాడేవి స్తనాలని కొందరు, గుడ్లని కొందరు, బలిచ్చిన ఎడ్ల వృషణాలని ఇంకొందరు పండితులు అంటారు. ఈ వాదాల్లో ఏది వినిపిస్తుందన్నది ఆ రోజు వెంట వచ్చిన గైడును బట్టి ఉంటుంది.