హెపటైటిస్ సి పరీక్షలు: ఫలితాల అర్థం, తరువాతి వైద్యం

హెపటైటిస్ సి ఉందో లేదో ఒక్క రక్తపరీక్షతో తేలదు. మొదట చేసేది యాంటీబాడీ పరీక్ష. అందులో ‘రియాక్టివ్’ అని వస్తే, ఈ వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చి ఉంటుందని అర్థం. ఇప్పటికీ ఉందని కాదు. సోకినవారిలో 15 నుంచి 45 శాతం మందికి ఆరు నెలల్లోపు మందు లేకుండానే వైరస్ పోతుంది; యాంటీబాడీలు మాత్రం ఏళ్ల తరబడి నిలిచిపోతాయి. ఆపరేషన్ ముందు చేసిన పరీక్షలోనో, రక్తదానంలోనో ‘రియాక్టివ్’ అనే మాట బయటపడి, ఏ బాధా లేని మనిషి హడలిపోవడం, పసరు మందుకు పరుగెత్తడం మామూలే. ఆ దశలో కావలసింది రెండో పరీక్ష ఒక్కటే.

అది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. వాడుకలో వైరల్ లోడ్. వైరస్ కనబడితే జబ్బు ఉన్నట్టే, చికిత్స కావాలి. కనబడకపోతే మందులు అక్కర్లేదు. ఈమధ్యే సోకిందన్న అనుమానం ఉంటే మాత్రం కొన్నాళ్లకు మళ్లీ చేయించాలి. యాంటీబాడీలు బయటపడటానికి 8 నుంచి 11 వారాలు పడుతుంది, ఆర్‌ఎన్‌ఏ ఒకటి రెండు వారాల్లోనే దొరుకుతుంది. అందుకే సూది గుచ్చుకున్నవారికీ, డయాలిసిస్ రోగులకూ ‘నాన్ రియాక్టివ్’ ఫలితం ఒక్కటే భరోసా కాదు. తల్లి యాంటీబాడీలు బిడ్డలోనూ ఉంటాయి గనుక, పసివారికి 18 నెలలు నిండాకే ఆ పరీక్షకు విలువ.

వైరల్ లోడ్ లక్షల్లో ఉన్నంత మాత్రాన కాలేయం అంతగా చెడిందని కాదు. చెడుపును అంచనా వేయడానికి ఏఎస్‌టీ అనే కాలేయ ఎంజైము, ప్లేట్‌లెట్ల లెక్క సరిపోతుంది. ఏఎస్‌టీ 80, ల్యాబు గరిష్ఠ పరిమితి 40, ప్లేట్‌లెట్లు లక్ష అనుకుంటే, వీటితో కట్టే ‘ఏప్రి’ స్కోరు 2. అంతకు చేరినా, మించినా సిర్రోసిస్‌ను, అంటే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడటాన్ని అనుమానిస్తారు.

చికిత్స సాధారణంగా 12 వారాల మాత్రలు. సిర్రోసిస్ లేనివారికి సోఫోస్‌బువిర్, డక్లాటాస్విర్; ఉన్నవారికి వెల్పటాస్విర్ కలిపిన మందు. నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. అమెరికాలో ఒక్కో సోఫోస్‌బువిర్ మాత్ర వెయ్యి డాలర్లు పలికిన రోజుల తరువాత, దాని చవక జెనరిక్‌ను తయారుచేసినవాటిలో హైదరాబాద్ కంపెనీలు హెటెరో, నాట్కో ఉన్నాయి. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. సిద్దిపేట జిల్లా కొమురవెల్లి వంటి ఊళ్లవారికి అసలు ఇబ్బంది మందు ఖర్చు కాదు, మొదటి పరీక్ష కాగితం దగ్గరే ఆగిపోవడం. మాత్రలు మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి; సి తగ్గుతున్నప్పుడు నిద్రాణంగా ఉన్న బి విజృంభించవచ్చు. గుండెకు అమియోడరోన్ వాడుతున్నవారు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి.

మాత్రలు ముగిసిన 12 వారాలకు మళ్లీ ఆర్‌ఎన్‌ఏ చేస్తారు. వైరస్ లేకపోతే నయమైనట్టే. సిర్రోసిస్ ఉన్నవారు మాత్రం కాలేయ క్యాన్సర్ కోసం ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకుంటూ ఉండాలి. టీకా లేదు; రక్తం ద్వారా సోకే జబ్బు గనుక ఒకసారి తగ్గినా మళ్లీ సోకవచ్చు. కొమురవెల్లి మల్లన్న సన్నిధిలో తలనీలాలకైనా, జాతరలో పచ్చబొట్టుకైనా మనిషికో కొత్త బ్లేడు, కొత్త సూది వాడాలనేది అందుకే. నయమైనవారిలో మళ్లీ సోకిందేమోనని చూడాలంటే ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చేయాలి.