టోఫు పనీర్ కాదు: పెనం మీద వేయించడం, సాస్ పట్టించడం ఎలా?

సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో పనీర్ పక్కనే టోఫు ప్యాకెట్ ఉంటుంది. రంగు అదే, ఆకారం అదే. చాలా చోట్ల పేరు కూడా దాదాపు అదే: సోయా పనీర్. ప్రొటీన్ కోసమో, పాలు పడకో, కొవ్వు తగ్గించమని డాక్టర్ చెప్పారనో ఒకసారి కొంటారు. పాలక్ పనీర్ చేసినట్టే ముక్కలు కోసి గ్రేవీలో వేస్తారు. ముక్క చప్పగా ఉంటుంది, గ్రేవీ పల్చబడుతుంది. మిగిలిన సగం నాలుగు రోజుల తర్వాత జిగురు పట్టి చెత్తబుట్టకు చేరుతుంది. ఆ ఇంట్లో రెండో ప్యాకెట్ కొనడం అరుదు.

ఇందుకు కారణం ఆ పదార్థంలోనే ఉంది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం పనీర్‌లో తేమ 60 శాతం మించకూడదు. తేమ పోగా మిగిలిన దానిలో కనీసం సగం పాల కొవ్వు ఉండాలి. అంటే 100 గ్రాముల పనీర్‌లో సుమారు 20 గ్రాములు, అంతకంటే ఎక్కువ కొవ్వే. దాని రుచిలో ఎక్కువ భాగం అక్కడి నుంచే వస్తుంది. టోఫులో ఆ కొవ్వు ఉండదు. రకాన్ని బట్టి 70 నుంచి 85 శాతం దాకా నీరే ఉంటుంది. కాబట్టి దాన్ని వండే క్రమం వేరు. ముందు నీరు తీయాలి, తర్వాత పైపొర కట్టించాలి, చివర్లో సాస్ పట్టించాలి. చైనా, జపాన్, కొరియా, వియత్నాం, ఇండోనేషియా వంటిళ్లలో సాస్‌లు వేరైనా ఈ క్రమం దాదాపు ఒకటే.

పాలు విరిచినట్టే, కానీ గింజతో

సోయా గింజలను నానబెట్టి, రుబ్బి, ఉడికించి, పిప్పి వడగడితే సోయా పాలు వస్తాయి. వాటిని విరిచి, గుడ్డలో కట్టి, బరువు పెడితే టోఫు. విరవడానికి చైనాలో ఎక్కువగా జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్ వాడతారు. జపాన్‌లో నిగారి వాడతారు. సముద్రపు నీటి నుంచి ఉప్పు తీశాక మిగిలే చేదు ద్రవం అది. అందులో ప్రధానంగా ఉండేది మెగ్నీషియం క్లోరైడ్. జిప్సంతో చేసిన టోఫులో కాల్షియం ఎక్కువగా ఉంటుంది. అది తెలియాలంటే ప్యాకెట్ మీద పదార్థాల జాబితా చూడాలి.

క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో హువాయ్‌నాన్ రాజు ల్యూ ఆన్ దీన్ని కనిపెట్టాడని చైనాలో ఒక ఐతిహ్యం ఉంది. లిఖిత ప్రస్తావన మాత్రం 10వ శతాబ్దంలో కనిపిస్తుంది. బౌద్ధ మఠాల శాకాహారంతో పాటు ఇది తూర్పు ఆసియా అంతటా వ్యాపించింది. 1782లో జపాన్‌లోని ఒసాకాలో కేవలం టోఫు మీదే వంద వంటకాలతో ఒక పుస్తకం వచ్చింది. అప్పటికే అక్కడ దానికున్న స్థానం ఏమిటో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ వంటిళ్లలో ఇది ఏ పదార్థానికీ బదులుగా రాలేదు. మాంసం, చేపలతో కలిపి కూడా వండుతారు.

మీల్ మేకర్ వచ్చింది, టోఫు రాలేదు

సోయా భారత్‌కు పూర్తిగా పరాయిది కాదు. నాగాలాండ్ అఖునీ, మణిపూర్ హవాయ్‌జార్, మేఘాలయ తుంగ్రింబాయ్, సిక్కిం, డార్జిలింగ్ ప్రాంతాల కినెమా... ఇవన్నీ సోయా గింజలను పులియబెట్టి చేసే పాత వంటకాలే. మధ్య భారతంలోకి సోయా పెద్ద ఎత్తున వచ్చింది మాత్రం 1960ల తర్వాత. జబల్‌పూర్, పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంతో కలిసి కొత్త రకాలను పరీక్షించాయి. ఇప్పుడు మధ్యప్రదేశ్, మహారాష్ట్ర ప్రధాన సాగు రాష్ట్రాలు. తెలంగాణలో ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి వైపు కూడా పండిస్తారు.

ఈ పంటను ప్రధానంగా నూనె కోసం చూశారు. గింజలో దాదాపు ఐదో వంతు నూనె. నూనె తీశాక మిగిలే చెక్కలో ప్రొటీన్ ఎక్కువ. అందులో పెద్ద భాగం కోళ్ల దాణాకు, ఎగుమతికి పోతుంది. నూనె తీసిన ఆ పిండితోనే తెలుగు ఇళ్లలో మీల్ మేకర్ అని పిలిచే సోయా ముక్కలు తయారవుతాయి. ఎండువి కాబట్టి ఏడాది నిల్వ ఉంటాయి, మసాలా కూరలో ఇమిడిపోతాయి. టోఫుకు ఫ్రిజ్ కావాలి, వండే తీరు మార్చుకోవాలి. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ సోయా పాలు, టోఫు తయారీలో చాలాకాలంగా శిక్షణ ఇస్తోంది. తయారీ నేర్పే ఏర్పాటు ఉంది కానీ, వండే పద్ధతి మన వంటింటి దాకా రాలేదు.

మొదటి మెట్టు: నీరు

కొనేటప్పుడు గట్టి రకం చూసుకోవాలి. సిల్కెన్ అని రాసి ఉంటే అది జున్నులా మెత్తగా ఉంటుంది, పెనం మీద నిలవదు. మన మార్కెట్‌లో చాలా ప్యాకెట్ల మీద గట్టిదనం రాయరు. వేలితో నొక్కితే కొద్దిగా లొంగి, తిరిగి యథాస్థితికి వచ్చేది వేపుడుకు పనికొస్తుంది.

నీరు తీయడానికి మూడు పద్ధతులున్నాయి.

బరువు: టోఫును శుభ్రమైన గుడ్డలో చుట్టి, పళ్లెం బోర్లించి, పైన కిలో బరువు అరగంట ఉంచాలి. గుడ్డ తడిసి ముద్దవుతుంది.

వేడి ఉప్పునీరు: ముక్కలు కోసి, బాగా ఉప్పు వేసిన మరిగే నీళ్లలో 15 నిమిషాలు ఉంచి, తీసి తుడవాలి. నీళ్లలో వేస్తే నీరు పోవడమేమిటని అనిపిస్తుంది. వేడికి, ఉప్పుకు పైపొర బిగుసుకుని లోపలి తేమను కొంత బయటకు నెడుతుంది. ముక్కకు ఉప్పు కూడా పడుతుంది.

గడ్డకట్టించడం: రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, కరిగాక రెండు అరచేతుల మధ్య పిండాలి. మంచు స్ఫటికాలు చేసిన రంధ్రాల వల్ల స్పాంజిలా మారి సాస్‌ను బాగా పీల్చుకుంటుంది. జపాన్‌లో గడ్డకట్టించి ఎండబెట్టిన టోఫు ఒక పాత నిల్వ పదార్థం.

పనీర్ టిక్కాకు చేసినట్టు పెరుగు, నూనె, మసాలాల్లో నానబెట్టడం ఇక్కడ పెద్దగా పనిచేయదు. నీటితో నిండిన ముక్కలోకి నూనె వెళ్లదు. పైన అంటుకున్న మసాలా పెనం మీద ముందే మాడిపోతుంది.

రెండో మెట్టు: పెనం

నీరు ఉన్నంతసేపు ముక్క ఉపరితలం 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. గోధుమ రంగు, కమ్మని వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీలు కావాలి. తడి ముక్క ఎంతసేపు ఉంచినా తెల్లగానే ఉడకడానికి కారణం ఇదే.

చిన్న ఘనాల కంటే ఒకటిన్నర సెంటీమీటర్ మందం పలకలు మేలు. ఆరు వైపులకు బదులు రెండు వైపులే తిప్పితే సరిపోతుంది. దోసెలు వేసి నూనె పట్టిన ఇనుప పెనం దీనికి చక్కగా కుదురుతుంది. పెనం బాగా వేడెక్కాక 200 గ్రాములకు రెండు టేబుల్ స్పూన్ల వేరుశెనగ నూనె వేసి, పలకలను ఒకదానికొకటి తగలకుండా పరచాలి. మధ్యస్థ మంట మీద నాలుగైదు నిమిషాలు కదపకూడదు. మొదట అంటుకుంటుంది. పొర కట్టాక, దోసె లేచినట్టే, అట్లకాడకు సులువుగా వస్తుంది. రాకపోతే ఇంకా సమయం ఉందని అర్థం. తొందరపడి గీకితే పొర పెనానికే మిగులుతుంది.

పిండి పూయాలా వద్దా అన్నది సాస్‌ను బట్టి ఉంటుంది. సాస్‌లో ఉడకబెట్టే వంటకానికి పిండి లేకుండా వేయించాలి. పొర కొద్దిగా సాగుతూ ఉంటుంది, రసం పీలుస్తుంది. పైన మెరుగులా అంటుకునే సాస్‌కైతే, తుడిచిన ముక్కలను కార్న్‌ఫ్లోర్‌లో దొర్లించి దులిపి వేయించాలి. కరకరలాడుతుంది, సాస్ కూడా చిక్కబడి పట్టుకుంటుంది.

మూడో మెట్టు: నాలుగు దేశాలు, నాలుగు సాస్‌లు

కింది కొలతలు 200 గ్రాముల టోఫుకు. ఇద్దరు ముగ్గురికి వస్తుంది.

జపాన్ తరహా: సోయా సాస్ రెండు టేబుల్ స్పూన్లు, చక్కెర ఒకటిన్నర, నీళ్లు మూడు, తురిమిన అల్లం ఒక టీ స్పూన్ కలిపి ఉంచుకోవాలి. అక్కడ మిరిన్ అనే తీపి బియ్యపు మద్యం వాడతారు, అది లేకపోతే చక్కెర సరిపోతుంది. కార్న్‌ఫ్లోర్‌తో వేయించిన ముక్కల మీద మంట తగ్గించి పోయాలి. నిమిషంన్నరలో మెరుస్తూ చిక్కబడుతుంది. చక్కెర ఉన్నందున అంతకు మించి ఉంచితే మాడుతుంది.

కొరియా దుబు జోరిమ్: పిండి లేకుండా వేయించిన పలకల మీద సోయా సాస్ రెండు టేబుల్ స్పూన్లు, మిరప్పొడి, వెల్లుల్లి ముద్ద, చక్కెర, పావు కప్పు నీళ్లు కలిపి పోసి, సన్నసెగ మీద ఐదు నిమిషాలు ఉడికించాలి. పైన ఉల్లికాడలు, వేయించిన నువ్వులు. కొరియా మిరప్పొడి బరకగా, కారం తక్కువగా ఉంటుంది. దాని చోట గుంటూరు కారం వేస్తే తినలేం. బ్యాడిగి లేదా కశ్మీరీ మిరప్పొడి దగ్గరగా ఉంటుంది.

వియత్నాం టమాటా టోఫు: తెలుగు వంటింటికి అన్నిటికంటే దగ్గరిది. వెల్లుల్లి వేయించి, మూడు పండిన టమాటాలు మెత్తగా మగ్గించి, వేయించిన టోఫు వేసి పది నిమిషాలు ఉంచితే చాలు. అక్కడ చేపల సాస్ కలుపుతారు. శాకాహారులు సోయా సాస్, ఉప్పు వాడుకోవచ్చు. చివర్లో ఉల్లికాడలు.

ఇండోనేషియా వేరుశెనగ సాస్: వేయించిన పల్లీలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి నూరి, కెచాప్ మానిస్ అనే చిక్కని తీపి సోయా సాస్, కొద్దిగా చింతపండు రసం కలుపుతారు. కెచాప్ మానిస్‌కు తీపి తాటిజాతి చెట్ల బెల్లం నుంచి వస్తుంది. అందువల్ల సోయా సాస్‌లో తాటిబెల్లం కరిగించి వాడినా రుచి దగ్గరగానే ఉంటుంది. పల్లీ పచ్చడి తెలిసిన వారికి ఇది కొత్తగా అనిపించదు.

ఒక జాగ్రత్త. చైనా, కొరియా వంటల్లో చివర చుక్కలుగా వేసే నువ్వుల నూనె బాగా వేయించిన నువ్వులతో తీసినది. గానుగలో పచ్చి నువ్వులతో ఆడించిన మన నూనెకు ఆ వాసన రాదు. అది దొరకనప్పుడు నువ్వులు దోరగా వేయించి దంచి చల్లడం మంచిది.

టోఫు ఉంటే శాకాహారమేనా?

అనుకోవడానికి లేదు. విదేశాల్లో చదువుకునే, పనిచేసే తెలుగువారు తరచూ పొరబడేది ఇక్కడే. సిచువాన్ ప్రసిద్ధ వంటకం మాపో టోఫులో సంప్రదాయంగా మాంసం కీమా ఉంటుంది. జపాన్ అగెదాషి టోఫు చుట్టూ ఉండే రసంలో సాధారణంగా ఎండు చేప ముక్కల సారం ఉంటుంది. ఆయిస్టర్ సాస్, చేపల సాస్ పేర్లలోనే విషయం ఉంది. హోటల్‌లో టోఫు ఉందా అని కాకుండా, సాస్ దేనితో చేశారని అడగాలి. చైనా బౌద్ధ శాకాహార భోజనశాలలు మాత్రం వెల్లుల్లి, ఉల్లి జాతులు కూడా వాడవు. ఉల్లి, వెల్లుల్లి ముట్టని తెలుగు కుటుంబాలకు అవి అనుకూలం.

సంప్రదాయ సోయా సాస్‌లో గోధుమ కూడా ఉంటుంది. గ్లూటెన్ పడనివారు గోధుమ లేదని రాసి ఉన్న సీసానే ఎంచుకోవాలి.

ఉప్పు, మందులు, నిల్వ

సోయా ప్రొటీన్‌లో శరీరానికి అవసరమైన తొమ్మిది అమైనో ఆమ్లాలూ తగు పాళ్లలో ఉంటాయి. గట్టి టోఫు 100 గ్రాములకు రకాన్ని బట్టి సుమారు 10 నుంచి 17 గ్రాముల ప్రొటీన్ ఇస్తుంది. మగవారిలో హార్మోన్లు దెబ్బతింటాయన్న భయం విస్తృతంగా ఉంది. అయితే అనేక ప్రయోగాలను కలిపి చూసిన సమీక్షల్లో సోయా వల్ల టెస్టోస్టిరాన్ తగ్గినట్టు తేలలేదు. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవారికి మాత్రం సోయా మందు ఒంటపట్టడాన్ని తగ్గించవచ్చు. రెండింటి మధ్య ఎంత ఎడం ఉండాలో డాక్టర్‌ను అడగాలి. సోయా ఎలర్జీ ఉన్నవారు దీని జోలికి పోకూడదు.

నిజంగా చూసుకోవాల్సింది ఉప్పు. ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దలకు రోజుకు 2,000 మిల్లీగ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే పై వంటకాల్లో విడిగా ఉప్పు వేయనక్కర్లేదు, వియత్నాం వంటకంలోనూ రుచి చూశాకే వేయాలి. బీపీ ఉన్నవారు సోయా సాస్‌ను సగానికి తగ్గించి, అల్లం, నిమ్మరసం పెంచుకోవచ్చు. తూర్పు ఆసియాలో వీటిని ఉప్పు వేయకుండా వండిన అన్నంతో తింటారు. మన అన్నమూ అలాంటిదే కాబట్టి, పచ్చడి కలుపుకున్నట్టు కొద్దికొద్దిగా కలుపుకుంటే సరిపోతుంది.

మిగిలిన టోఫును గిన్నెలో మునిగేలా మంచినీళ్లు పోసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. రోజూ నీళ్లు మార్చి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. పుల్లని వాసన, జిగురు కనిపిస్తే పారేయాలి. అన్ని రోజుల్లో వాడలేమనుకుంటే మొదటి రోజే ఫ్రీజర్‌లో పెట్టడం మంచిది. కరిగించి పిండితే దుబు జోరిమ్‌కు అది ఇంకా బాగా పనికొస్తుంది.