పాత సిక్కాను పరీక్షించుట ఎట్లు?

అమలాపురం కానివ్వండి, రాజోలు, కొత్తపేట కానివ్వండి, మన ముస్లిం కుటుంబాలలో పెద్దవాళ్ళ ట్రంకుపెట్టె అడుగున ఒకటో రెండో పాత నాణేలు ఉండటం కద్దు. అవి బయటపడగానే అందరం అడిగే ప్రశ్న ఒక్కటే: "దీనికెంత వస్తుంది?" ఆ ప్రశ్నకు ముందు మరి రెండు ప్రశ్నలున్నాయి. ఇది ఎవరి నాణెం? ఎట్టి స్థితిలో ఉన్నది? ఈ రెండూ విచారించకుండా తులాల లెక్కన అమ్మితే చరిత్ర కాస్తా కంసాలి మూసలో కరిగిపోతుంది. కనుక ఈ విషయమై నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

నాణెం పరీక్షించుట మనకు కొత్త విద్య కాదు. "షరాబు" అనే తెలుగు మాట అరబ్బీ "సర్రాఫ్" నుంచి వచ్చినదే. అక్బరు టంకశాలలోని పనివారిలో ఇతడు ముఖ్యుడని అబుల్ ఫజల్ "ఆయినె అక్బరీ"లో వ్రాసినాడు. షేర్‌షా (1540-1545) సుమారు పదకొండున్నర గ్రాముల వెండి రూపాయిని స్థిరపరచగా, మొగలులు దానినే కొనసాగించిరి. షరాబు దాని తూకం చూసేవాడు, మోత వినేవాడు, అనుమానం వస్తే అంచున చిన్న గుర్తు కొట్టి వెండి పరీక్షించేవాడు. కొత్తగా అచ్చయిన సిక్కాకు పూర్తి విలువ, పాత సంవత్సరాల రూపాయికి వట్టం. నేడు వ్యవహారం తలక్రిందులైంది. షరాబు చూసింది వెండిని, నేటి సేకరణదారు చూసేది అక్షరాన్ని.

ఇక మన ప్రాంతానికి వద్దాం. 1687లో గోలకొండ పతనమైన పిమ్మట ఈ తీరం మొగలుల వశమైంది. ఔరంగజేబు పేరిట మచిలీపట్నం టంకశాలలో రూపాయిలు అచ్చయినవి. 1753లో సలాబత్‌జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చినాడు. 1759లో కర్నల్ ఫోర్డు మచిలీపట్నం పట్టుకున్నాడు. 1765లో షా ఆలం ఫర్మానాతోను, 1766లో నిజాముతో ఒప్పందంతోను సర్కారులు కంపెనీ పరమైనవి. ఇందరు దొరలు మారినా నాణెంమీద బాద్షా పేరు, ఫారసీ లిపి మాత్రం చాలాకాలం మారలేదు. అవి లేనిదే బజారులో జనానికి నమ్మకం కుదిరేది కాదు మరి. మద్రాసులో కంపెనీవారు వేసిన పావు వరహా వెండి నాణెంమీద ఇంగ్లీషు, ఫారసీ, తమిళం, తెలుగు నాలుగూ కలిసి కనబడతాయి. 1835లో దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చి నాలుగవ విలియం బొమ్మ పడినప్పుడు సైతం, వెనుకవైపు "యక్ రూపియా" అని ఫారసీలో నిలిచే ఉన్నది.

కనుక ఉర్దూ అక్షరాలు వచ్చినవారికి ఈ నాణేలు సగం చదువు చెప్పేసినట్లే. "జర్బ్" అన్న మాట దగ్గర టంకశాల ఊరిపేరు వెదకవలెను. "జులూస్" దగ్గర ఉన్న అంకె బాద్షా పట్టాభిషేకం నుంచి లెక్కించిన పాలనా సంవత్సరం. హిజ్రీ సంవత్సరం ఉంటే నూటికి మూడు చొప్పున తీసివేసి 622 కలిపితే క్రీస్తు శకం సుమారుగా వస్తుంది. 1172లో 35 పోగా 1137, దానికి 622 కలిపితే 1759. కాని చదవడంతోనే సరిపోదు. కంపెనీవారు ఆర్కాటు రూపాయిమీద ఆలంగీరు పేరు, 1172 హిజ్రీ, జులూస్ 6 అనే అంకెలను ఆ బాద్షా పోయిన తరువాత అనేక ఏండ్లపాటు అట్లాగే అచ్చువేసినారు. అలాగే ఆర్కాటు రూపాయిమీద నెలవంక ఉంటే అది మన మతచిహ్నం అనుకోరాదు. అది పుదుచ్చేరిలోని ఫ్రెంచివారి టంకశాల గుర్తు!

స్థితి విషయానికి వస్తే, వ్యాపారులు ఇంగ్లీషు మాటలే వాడతారు: పూర్, గుడ్, వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, చివరకు అన్‌సర్క్యులేటెడ్, అంటే చలామణీలో తిరగనిది. ఇందులో "గుడ్" అనే మాట విని సంతోషించరాదు. అది బాగా అరిగిన నాణెం. అమెరికాలో 1949లో షెల్డన్ అనునతడు 1 నుండి 70 వరకు అంకెలు కూడా ఏర్పరచినాడు.

అయితే చేతితో అచ్చుకొట్టిన మన సిక్కాలకు ఒక ప్రత్యేకత కలదు. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. అందుచేత కొన్ని అక్షరాలు మొదటినుంచీ బిళ్ళమీద పడనే లేదు. అది అరుగుదల కాదు, అచ్చు పడిన తీరు. ఉన్న అక్షరాల గట్లు నిటారుగా, పదునుగా ఉన్నాయా, లేక చదునై నేలలో కలిసిపోయాయా అన్నదే అరుగుదలకు కొలత. రెంటినీ విడివిడిగా చెప్పాలి. ఊరిపేరు, సంవత్సరం స్పష్టంగా ఉన్న నాణెం కొంచెం అరిగినా, అవి లేని నిగనిగలాడే నాణెంకంటె చరిత్రకు ఎక్కువ ఉపయోగం.

దెబ్బలు వేరే లెక్క. హారానికి గుచ్చిన బెజ్జం, కొక్కెం అతికిన మచ్చ, బెజ్జం పూడ్చిన టంకం, ఇవన్నీ విలువ తగ్గిస్తాయి. అన్నిటికంటె పెద్ద నష్టం మనం మంచి చేస్తున్నామనుకుని చేసేది: చింతపండు, బూడిద వేసి తోమడం. నల్లబడిన వెండి చెడిపోయిన వెండి కాదు. ఆ పొర వయస్సుకు సాక్ష్యం. మన గోదావరి లంకల తేమకు, ఉప్పుగాలికి రాగి నాణెం చిలుము పడుతుంది. దానిని పొడిగా, కాగితపు కవరులో ఉంచాలి. అంచులు పట్టుకోవాలి తప్ప ముఖం తాకరాదు.

మోసాలు కూడా ఉన్నవి. పోతపోసిన నకిలీకి సన్నని రంధ్రాలు, అంచున అతుకు గీత కనబడతాయి. తూకం కలవదు. షాజహాను నాణేలపై కలిమా ఉండేది. అపవిత్రస్థలాల్లో పడకూడదని ఔరంగజేబు దానిని మాన్పించినాడు. ఇప్పుడు కలిమా అచ్చుకొట్టిన కొత్త బిళ్ళలను "మొగలుల సిక్కా, బరకత్" అని అంటగట్టేవారున్నారు. భక్తిని చూసి డబ్బు ఇవ్వకండి.

అమ్మేటప్పుడు మనం కూడా న్యాయంగా ఉండాలి. తూకంలో తగ్గించేవారిని ఖురాన్ గట్టిగా హెచ్చరించింది. బెజ్జం పూడ్చిన నాణేన్ని పూడ్చలేదని చెప్పడం కూడా తూకం తగ్గించడమే. అలాగే నేలలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలుపవలెనని 1878 చట్టం. నూరేండ్లు దాటిన నాణేన్ని అనుమతి లేక విదేశాలకు పంపరాదని 1972 చట్టం.

మేము కోరేది ఒక్కటే. ఇంట్లో నాణెం ఉన్నవారు దానిని తోమవద్దు, తొందరపడి కరిగించవద్దు. తూకం, రెండు వైపుల రాత, ఎవరి నుంచి వచ్చిందో ఆ సంగతి ఒక కాగితంమీద వ్రాసి నాణెంతో పాటు ఉంచండి. ఉర్దూ చదివే పిల్లవాడి చేతికిచ్చి ఊరిపేరు చదివించండి. మనవాళ్ళు ఫారసీ మరచిపోతున్న ఈ రోజుల్లో, మచిలీపట్నం పేరును తాత ఇచ్చిన రూపాయిమీద తానే చదివిన పిల్లవాడు ఈ నేల చరిత్రలో తనకూ భాగమున్నదని ఇంకొకరు చెప్పకనే తెలుసుకుంటాడు.