పొలము, అడవి, పాఠ్యగ్రంథము

తల్లాడనుండి కొత్తగూడెము పోవు త్రోవలో ఏన్కూరు కలదు. ఇచ్చట సాగుభూమియు అడవియు ఒకదాని నొకటి తాకుచుండును. ఒక ప్రక్క వరి, ప్రత్తి, మిరప చేలు. వేరొక ప్రక్క భద్రాచలము వైపు సాగిపోవు అడవులు. కోయలు, లంబాడీలు, ఇతర రైతులు ఇరుగుపొరుగుగా జీవించుచున్నారు. ఇట్టిచోట ఒక ఎకరము పోడుభూమిని చూపి, ఇది ఏ శాస్త్రమునకు చెందిన విషయమని విద్యార్థి నడిగినచో అతడేమి చెప్పగలడు? వానకు మట్టి కొట్టుకొనిపోవుట భూగోళ శాస్త్రమునకు, చెట్లు వృక్షశాస్త్రమునకు, రైతు అప్పు అర్థశాస్త్రమునకు, భూమిపై హక్కు న్యాయశాస్త్రమునకు చెందును. నేల మాత్రము ఒక్కటే. జ్ఞానమును శాఖలుగా విభజించిన విశ్వవిద్యాలయములు ఈ నేలను మరల ఒక్కటిగా చూచుట ఎట్లు నేర్చుకొన్నవో పరిశీలింపదగియున్నది.

తెలుగుదేశమున ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లోను, ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లోను ఏర్పడినవి. తరగతి గదిలో ఒక్కొక్క శాస్త్రమును విడివిడిగా బోధించుటయే నాటి పద్ధతి. ఆ గోడలను దాటిన వారిలో హైమెన్‌డార్ఫ్ ముఖ్యుడు. వియన్నా నగరమున 1909లో జన్మించిన ఈ మానవశాస్త్రజ్ఞుడు 1941లో గోదావరి తీరపు కొండరెడ్ల నడుమ నివసించి వారి జీవితమును పరిశీలించెను. కొండవాలున పోడు, అడవిలో జీలుగు చెట్టు, గుత్తదారులకై వెదురు నరకుట, వారివద్ద చేసిన అప్పు - ఇవన్నియు ఒకే గొలుసులోని కడియములని ఆయన గ్రహించెను. అడవిపై నిబంధన బిగిసినకొలది పోడు తగ్గును. పోడు తగ్గినకొలది కూలిపనియు, అప్పును పెరుగును. కొండరెడ్లను గూర్చిన ఆయన గ్రంథము 1945లో వెలువడెను.

1940లో ఆదిలాబాదు అడవులలో కుమురం భీము నాయకత్వమున గోండులు తిరుగుబాటు చేసిరి. పిమ్మట నిజాము ప్రభుత్వము వారి స్థితిగతులను పరిశీలించు పనిని హైమెన్‌డార్ఫ్‌కు అప్పగించెను. దాని ఫలితముగా 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము వెలసెను. గోండీ భాషలో వాచకములు తయారైనవి. భూమి సమస్యను విద్యతో కలిపి చూచుట ఇచ్చట మనము గమనింపవలసిన విశేషము. హైమెన్‌డార్ఫ్ 1945లో ఉస్మానియాలో ఆచార్యుడయ్యెను.

1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడెను. బోధన, పరిశోధన, విస్తరణ అను మూడు పనులను ఒకే సంస్థ చేయవలెనన్నది దాని ఆశయము. కాలక్రమమున వ్యవసాయ పట్టపరీక్షకు చదువువారు చివరి సంవత్సరమున కొంతకాలము పల్లెలో రైతులతో నివసించి పనిచేయుట పాఠ్యక్రమములో భాగమైనది. 1969లో జాతీయ సేవా పథకము 37 విశ్వవిద్యాలయములలో ఆరంభమై, అన్ని శాఖల విద్యార్థులకును పల్లెబాట చూపెను.

ఇదే భావము ప్రపంచమంతటను పొడసూపెను. 1972లో స్టాక్‌హోమ్ సమావేశము పర్యావరణమును దేశముల దృష్టికి తెచ్చెను. 1977లో సోవియట్ జార్జియాలోని ట్బిలీసీలో జరిగిన మహాసభ, పర్యావరణ విద్య అన్ని శాస్త్రములను కలుపుకొని, చుట్టుపట్ల సమస్యలనుండి సాగవలెనని నిర్ణయించెను. రాబోవు తరములవారి అవసరములకు లోటు రానీయక నేటివారి అవసరములు తీర్చుకొనుటయే సుస్థిరాభివృద్ధియని 1987లో బ్రంట్‌లాండ్ సంఘము నిర్వచించెను.

మనదేశమున 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను తప్పనిసరి చేయవలెనని ఆదేశించెను. తదనుసారముగా విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2003లో సాహిత్య, విజ్ఞాన, వాణిజ్య శాఖల కన్నింటికిని 50 పాఠముల పాఠ్యక్రమమును సిద్ధపరచెను. మొత్తము 100 మార్కులలో 75 పరీక్షకును, 25 క్షేత్ర పరిశీలనకును కేటాయించిరి. 2023లో క్రొత్త మార్గదర్శక సూత్రములు వెలువడినవి. అయినను పొలము చూడకయే ఒకరి పుస్తకమునుండి మరొకరు ఎత్తి వ్రాసిన నివేదికకు మార్కులు వేసినచో ఆ 25 మార్కుల ఆశయము నీరుగారిపోవును.

క్షేత్ర పరిశీలన విలువ తెలియుటకు అటవీహక్కుల చట్టమే చాలును. 2006లో వచ్చిన ఈ చట్టము ప్రకారము 2005 డిసెంబరు 13కు పూర్వమునుండి అటవీభూమి సాగుచేయు గిరిజన కుటుంబమునకు నాలుగు హెక్టార్లకు మించకుండ హక్కు లభించును. కాని దానికి ఒకటికి మించిన సాక్ష్యములు కావలెను. ప్రభుత్వ దస్త్రములు, పటములు, పెద్దల వాఙ్మూలములు, నేలపై కనబడు బావులు, శ్మశానములవంటి గుర్తులు సాక్ష్యములుగా చెల్లును. దస్త్రము చదువుటకు చరిత్ర, పటము గీయుటకు భూగోళము, పెద్దల మాట వ్రాయుటకు భాష, దరఖాస్తుకు న్యాయశాస్త్రము వలయును. వీనిలో ఏది లోపించినను ఒక కుటుంబపు బ్రతుకుతెరువే పోవచ్చును. హక్కు లభించిన పిదప ఆ వాలునేల కొట్టుకొనిపోకుండ కాపాడుటకు కృషిశాస్త్రము కావలెను.

ఏన్కూరువంటి చోట ఒక ఉన్నత పాఠశాలయు ఇట్టి అభ్యాసమును చిన్నయెత్తున చేయవచ్చును. ఒక వాగును ఎన్నుకొని, ఒకరు వాలు కొలువవచ్చును. ఒకరు చెట్ల పేర్లు వ్రాయవచ్చును. ఒకరు పంట ఖర్చు లెక్కకట్టవచ్చును. ఒకరు ఆ వాగు పూర్వము ఎట్లుండెడిదో వృద్ధుల నడిగి తెలిసికొనవచ్చును. అందరి ఫలితములను ఒకే పుస్తకమున చేర్చి చర్చింపవలెను. ఒకరి లెక్క మరొకరి ప్రశ్నకు సమాధాన మగుట అచ్చట కనబడును. శాస్త్రములను వేరుచేసినది మన సౌకర్యము కొరకే. వానిని కలుపు పని విద్యార్థికి చిన్ననాటనే అలవడవలెను.