పెరటి సేద్యం (నగరాల్లో)

నగరంలో ఇంటి వెనకో పక్కనో మిగిలిన జాగాలో కూరగాయలు, ఆకుకూరలు, ఒకటి రెండు పండ్లచెట్లు పెంచి ఇంటికి వాడుకోవడాన్ని పెరటి సేద్యం అంటారు. తెలుగు ఇళ్లకు ఇది కొత్త కాదు. నూతి దగ్గర అరటి, దొడ్డిగోడ మీద చిక్కుడుపాదు, వంటింటి వెనక కరివేపాకు ఒకప్పుడు మామూలే. అపార్ట్‌మెంట్లు వచ్చాక పెరడు మేడెక్కి మిద్దెతోట అయింది. ఆ మాటను జనంలోకి తెచ్చినవారిలో రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి ఒకరు. మిద్దె మీదికి మంచి మట్టిని మోసుకుపోవచ్చు. నేల మీది పెరట్లో మట్టి మాత్రం ఇల్లు కట్టినప్పుడే పాడై ఉంటుంది.

ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, సున్నం కలిసిన నేలలో క్షారగుణం పెరిగి మొక్కకు ఇనుము అందదు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మిగతాదంతా పాలిపోతుంది. తెగులనుకుని మందు కొట్టేవాళ్లే ఎక్కువ. అడుగు లోతు తవ్వి, పెళ్లలు ఏరేసి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపితేనే నేల దారికొస్తుంది. నల్లరేగడిలో నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి కాబట్టి అక్కడ మడులు ఎత్తుగా పోసుకోవాలి. ఎర్ర చలకలో తడి త్వరగా ఆరిపోతుంది కాబట్టి ఎండుటాకులు పరవాలి. నేలకు పోసే ద్రవ ఎరువుల్లో, ప్రకృతి సేద్య ప్రచారకుడు సుభాష్ పాలేకర్ చెప్పిన జీవామృతానికి 200 లీటర్ల కొలత ఎకరానికి. 100 గజాల పెరటికి నాలుగు లీటర్లు చాలు.

కాయగూరలకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. ఎండాకాలంలో జాగా చూసి మడులు కట్టినవారు డిసెంబరులో మోసపోతారు: పొద్దు దక్షిణానికి వాలి, ఇంటికి ఉత్తరాన ఉన్న పెరడంతా ఇంటినీడలో పడుతుంది. అలాంటి చోట ఆకుకూరలే నయం. పాతరకం పందిరి చిక్కుడు పగటిపొద్దు తగ్గితేనే పూస్తుంది. ఆషాఢ శ్రావణాల్లో పెట్టాల్సిన విత్తనం మాఘంలో పెడితే తీగ పందిరంతా అల్లుకుంటుందే గాని చలికాలం దాకా పూత రాదు. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పిందెలు నిలవకుండా రాలిపోతుంటే ఆ వేళలోనే మగపువ్వు తుంచి ఆడపువ్వుకు చేత్తో అద్దాలి.

దిగుబడి విషయంలో తరచూ చెప్పే ఉదాహరణ అమెరికాలోని పాసడీనాది. జూల్స్ డెర్వేస్ కుటుంబం అక్కడ ఎకరంలో పదో వంతులో, అంటే నాలుగు గుంటల్లో, ఏడాదికి సుమారు 2,700 కిలోలు పండించినట్టు చెప్పింది. 100 గజాలకు 560 కిలోలన్నమాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు సూచించింది; నలుగురికి ఏడాదికి 584 కిలోలు అవుతాయి. ఇంటిల్లిపాదీ అదే పనిగా సేద్యం చేసిన పాసడీనా స్థాయిలో పండినా, 100 గజాలు నలుగురికి కొంచెం తక్కువే పడతాయి. ఉద్యోగం చేసుకుంటూ పొద్దున్నే గంటసేపు పెరట్లో తిరిగేవారికి ఆ లెక్క అందదు. నెలలోపే కోతకొచ్చే తోటకూర, మళ్లీమళ్లీ చిగురించే బచ్చలి, ఒక మునగచెట్టు ఉంటే ఆకుకూరలు కొనే పని మాత్రం చాలావరకు తప్పుతుంది.

కోతులు తిరిగే శివారు కాలనీల్లో మడులకు ఇనుపజాలీ తప్పదు. ఆ ఖర్చును కూరగాయల లెక్కలో ఎవరూ రాయరు.